అడుగున రేకు

పాత పికప్పు బండి తొట్టికి కొత్త అడుగు వేయించాలి, దానికి బయటి వడ్రంగిని పిలుద్దాం అని నాన్న అన్నాడని తెలియగానే చిన్నమ్మి ఒంటికాలి మీద లేచింది. ఇంట్లో ఉలి పట్టే మనిషి లేనట్టు, ఉన్న మనిషి చేతులు పడిపోయినట్టు, ఎవరినో పిలిపించడమేమిటి? పైగా ఆ మాట తనతో నేరుగా అనలేదు. అన్నయ్యతో అన్నాడు, అన్నయ్య నసుగుతూ తెచ్చి చెప్పాడు. ఆ ఇంట్లో ఏడాదిగా చెక్కకు సంబంధించిన మాట ఏదైనా ఆమెకు ఇలాగే చుట్టూ తిరిగి వస్తోంది.

వాళ్ల షెడ్డులో ఒక పక్క చెక్కపొట్టు, ఒక పక్క గ్రీజు. పొట్టు వైపు చిన్నమ్మిది, గ్రీజు వైపు మెకానిక్ అన్నయ్యది. ఒకప్పుడు రెండో వైపు అంటూ లేదు, మొత్తం నాన్నదే. ఊళ్లో పెద్ద మేస్త్రీ అంటే ఆయనే. కొడుకు చెక్క వాసన తగిలితే తుమ్ముతాడని, కూతురికి పని నేర్పాడు. నేర్పడమంటే ముద్దుగా నేర్పలేదు, మొట్టికాయలు వేసి నేర్పాడు. ఆ మొట్టికాయల ఫలితంగా ఆమె చేసిన తలుపు వానాకాలంలో కూడా ఒక్క వేలితో తోస్తే మూసుకునేది.

ఆ బండి నాన్న వయసులో ఉన్నప్పుడు కొన్నది. ముందు గుండ్రటి బుగ్గలు, వెనక చెక్క అడుగు ఉన్న పొడవాటి తొట్టి. అలాంటి బండ్లు ఇప్పుడు ఎక్కడా కనబడవు, కనబడినా నడవవు. నాలుగేళ్ల కిందట దాని అడుగు పలకలు అరిగిపోతే చిన్నమ్మే కొత్తవి వేసింది. పోయినేడాది సామిల్లు దగ్గర దూలాలు దించుతుంటే ఆ అడుగు పలకల్లో ఒకటి నాన్న కింద విరిగింది. కాలు తొడ దాకా దిగిపోయింది, మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. అప్పటినుంచి ఆయనకు చేతికర్రే దిక్కు.

ఎలా జరిగిందని ఎవరడిగినా నాన్న ఒక్కటే అనేవాడు. “పలక విరిగింది.” అంతకు మించి ముక్క లేదు. ఆ ముక్క చాలు. సామిల్లు యజమానిని ఊరంతా దూలం అంటారు, ఆ పొడవుకీ ఆ బుర్రకీ కలిపి పెట్టిన పేరు. కూతురు వేసిన పలక తండ్రి కాలు తీసిందని ఆ దూలమే టముకు వేశాడు. తను అమ్మిన చెక్క మంచిదేనని, చేతిలోనే లోపం ఉందని పనిగట్టుకుని చెప్పాడు. తలుపుల పనులు ఆగిపోయాయి. కిటికీలు ఆగిపోయాయి. మెట్లు చేయమని బయానా ఇచ్చిన హోటలామె, పిల్లలు ఎక్కి దిగే మెట్లు, వద్దులేమ్మా అని నవ్వుతూనే రద్దు చేసుకుంది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చిన్నమ్మికి ఒళ్లు మండుతుంది.

ఆ పలకలు ఆమె ఒక్కొక్కటీ ఏరి తెచ్చింది. బుడిపె ఉన్నదాన్ని పక్కన పెట్టింది, వంకర ఉన్నదాన్ని వెనక్కి పంపింది. అలాంటి చెక్క మూడేళ్లకే ఎలా విరుగుతుందని ఆమె ఎన్నిసార్లు అడిగినా జవాబిచ్చినవాడు లేడు. చూద్దామంటే బండిని షెడ్డు మూలకు తోయించి, తొట్టి మీద పట్టా కప్పించి, తాళ్లు కట్టించాడు నాన్న. దాన్ని చూస్తే కాలు సలుపుతుందన్నాడు. సలిపే కాలు ఆయనది కాబట్టి ఆమె నోరు మూసుకుంది.

ఇప్పుడు అన్నయ్య ఇంజను విప్పి బాగుచేశాడు. బండి మళ్లీ రోడ్డెక్కుతుంది. అడుగు ఒక్కటే మిగిలింది. దానికి బయటి మనిషి కావాలట.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎవరినీ అడగకుండా పట్టా తాళ్లు కోసి పారేసింది.

పైనుంచి చూస్తే విరిగిన చోట ఒక్క బొక్క తప్ప అడుగంతా ఆమె వేసినట్టే ఉంది. పలకకీ పలకకీ మధ్య ఇనప పట్టీ, పట్టీలోంచి కిందికి దిగిన బోల్టులు. నట్లు తుప్పు పట్టి కదలలేదు. గ్రైండరు పెట్టి బోల్టు తలలు కోసింది, పట్టీలు లేపింది. ఇక పలకలు వాటంతటవే పైకి రావాలి. రాలేదు. గునపం దూర్చి లేపితే మూడు పలకలు కలిసి మూలిగాయి తప్ప ఒక్కటీ లేవలేదు. వాటిని కింద నుంచి ఏదో పట్టుకుని ఉంది. ఆమె కింద ఏమీ పెట్టలేదు.

టార్చి తీసుకుని బండి కిందికి దూరింది. అడ్డ దూలాల మధ్య, పలకలకు అడుగున, ఈ చివర నుంచి ఆ చివర దాకా రేకు. అంచుల్లో తారు పూసి మూసేశారు. విరిగిన చోట చీలిన రేకు కత్తిలా వేలాడుతోంది. అంచు కొద్దిగా వంచి వేలు పెడితే నల్లటి బురద జారి మొహం మీద పడింది. కుళ్లిన చెక్క వాసన.

ఆమెకు అంతా అక్కడే అర్థమైంది. పట్టీల కింద, ఎవరికీ కనబడని చోట, పలకల మధ్య గోరు మందం సందు వదిలింది తను. చెక్క ఉబ్బడానికి చోటు ఉండాలి, పడ్డ వాన కిందికి కారిపోవాలి. కారిన వానను కారినట్టే ఈ రేకు పట్టుకుని దాచింది. పలకలు పైకి నవ్వుతూ, అడుగున మూడేళ్లు నీళ్లలో నానాయి.

బండి కింద నుంచి బయటికొచ్చి అన్నయ్య మీద నిప్పులు చెరిగింది. రేకు పని ఈ షెడ్డులో ఇంకెవరిది? తారు డబ్బా ఎవరి వైపు ఉంటుంది? తను బడి భవనం తలుపుల పని మీద పొరుగూళ్లో నెల రోజులున్నప్పుడు కొట్టాడు కదూ? కొట్టి, తండ్రి కాలు విరగ్గొట్టి, ఆ పాపం చెల్లెలి నెత్తిన రుద్ది, రోజూ ఎదురుగా కూర్చుని ఎలా తింటున్నాడు? చేతికి అందిన గుడ్డ, స్పానరు, నూనె డబ్బా వరసగా విసిరింది. అన్నయ్య స్పానరుకి మాత్రం తల వంచి తప్పుకున్నాడు. మిగతావి తగలనిచ్చాడు. నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డాడు. దాంతో ఆమెకు ఇంకా మండింది.

రేకు విప్పి వాడి మొహాన కొడదామని మళ్లీ కిందికి దూరింది. రేకు బిగించిన మరల తలల మీద బురద గీకింది, స్క్రూడ్రైవరు ఆనడానికి గీత దొరకాలని. ఒకదానికి గీత పలక పొడవునా ఉంది. పక్కదానికీ అలాగే ఉంది. ఆ పక్కదానికీ. టార్చి అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరూ ఎన్నడూ వంగి చూడని ఆ చీకట్లో అన్ని మరల గీతలూ చెక్క పోగు పొడవునా ఒకే వరసలో ఉన్నాయి.

అన్నయ్య మరలు గన్నుతో బిగిస్తాడు. వాడి మరలకు అసలు గీతలుండవు, ఆరు మూలల తలలుంటాయి. ఇలా బిగించే మనిషి ఊళ్లో ఒక్కడే. ఒక్క గీత అడ్డం తిరిగినా మొత్తం విప్పించి మళ్లీ బిగించమనేవాడు. ఎవరు చూస్తారు నాన్నా అని చిన్నప్పుడు అడిగినందుకు ఆమెకు మొట్టికాయ పడింది.

“నాన్న చెప్పద్దన్నాడు,” అన్నాడు అన్నయ్య, బండి పక్కన చతికిలబడి. “కాలు విరిగి పడుకున్న మనిషి చెయ్యి పట్టుకుని అడిగితే ఏం చెయ్యను?”

చిన్నమ్మి ఒక రేకు ముక్క విప్పి పట్టుకుని షెడ్డు గుమ్మం దగ్గరికి నడిచింది. నాన్న ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపలి కేకలు విననట్టు వీధి వైపు చూస్తున్నాడు. రేకును మరలతో సహా ఆయన ఒళ్లో పడేసింది. బురద పంచె మీద కారింది. ఆయన దులుపుకోలేదు.

మరల గీతల మీద బొటనవేలు రాశాడు. నువ్వు వేసిన అడుగు చూస్తే ముచ్చటేసింది అన్నాడు. అలాంటి అడుగు తన జన్మలో తను కూడా వేయలేదన్నాడు. చక్రాలు ఎగరేసే బురద, రాళ్లు కింద నుంచి తగిలి పాడవుతుందేమోనని మనసొప్పక నేనే బండి కింద పడుకుని రేకు కొట్టాను అన్నాడు. చెక్క పాడవకూడదని అనుకున్నాను కానీ, నీళ్ల సంగతి ఆలోచించలేదు. పిల్లలకు నేర్పిన మొదటి పాఠం, మేస్త్రీని నేనే మరిచిపోయానని పదిమందిలో ఎలా చెప్పుకోను?

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూస్తే కరుగుతానేమోనని చిన్నమ్మికి భయం వేసింది, కానీ కరగలేదు. మెచ్చుకోలు కూడా అప్పుడే వినాల్సి వచ్చినందుకు కోపం రెట్టింపైంది. ఇరవై ఏళ్లుగా ఆయన నోటి నుంచి ఒక్క మంచి మాట కోసం కాచుకుని కూర్చుంది. అది ఇప్పుడు ఇలా, బురదతో కలిసి వచ్చింది.

“నా చెక్కను కాపాడాలనుకున్నావు. నన్ను కాపాడాలని ఒక్కరోజైనా అనిపించలేదా నాన్నా?”

“తప్పైంది,” అన్నాడు నాన్న, అటూ ఇటూ చూసి, మెల్లగా.

“ఎవరూ లేకుండా చూసి చెప్తున్నావు. నా పేరు గుమ్మంలో పోలేదు. బజార్లో పోయింది.”

ఆ తర్వాత అడుగు పని అయ్యేదాకా ఆమె ఆయనతో మాట్లాడలేదు. పాత పలకలు చేత్తో పట్టుకుంటే పిండిలా రాలుతున్నాయి, కొలతకు కూడా పనికిరాలేదు. తొట్టిని మూల నుంచి మూలకు అడ్డంగా కొలిచి, అది కొద్దిగా వంకర తిరిగి ఉందని పట్టుకుని, ఆ వంకరకు తగ్గట్టు చివరి పలక కోసింది. చిత్రిక పట్టింది, అంచులకు పట్టీ కూర్చునే మెట్టు తీసింది. పలకలు బిగించకముందే అడుగు వైపు నూనె పట్టించి, ఆరాక మళ్లీ పట్టించింది. నాన్న కుర్చీలోంచి అది చూసి, సందులన్నీ సమానంగా ఉన్నాయో లేదో మేకు పెట్టి చూసుకో అన్నాడు. అప్పటికే పెట్టి ఉన్న మేకును తీసి, ఆయనకు కనబడేలా పైకెత్తి, మళ్లీ పెట్టింది. తిండి దగ్గర ఇంట్లో ఎవరి కంచం వాళ్లు చూసుకున్నారు. అన్నయ్య కోపం పోగొట్టాలని ఏదో హాస్యమాడబోయి, ఆమె చూసిన చూపుకు మిగతా సగం మింగేశాడు.

చివరి బోల్టు బిగించిన రోజు ఆమె చేతులు కడుక్కుని బండి వెనక తలుపు దించింది. నాన్న దగ్గరికెళ్లి, ఎక్కు అంది.

ఎక్కడికని అడిగాడు అన్నయ్య. ముందు సామిల్లు, తర్వాత హార్డువేరు కొట్టు, తర్వాత హోటలు, ఇంకా నాన్న ఎక్కడెక్కడ పలక విరిగింది అని చెప్పాడో అక్కడల్లా అని చెప్పింది. అన్నయ్య మొహం పాలిపోయింది. పెద్దవాణ్ణి, కాలు సరిగా లేనివాణ్ణి అలా ఊరేగిస్తావా, ఎవరైనా ఏమనుకుంటారు అని గొణిగాడు.

“ఏడాదిగా నన్ను ఊరేగించినప్పుడు ఎవరైనా ఏమైనా అనుకున్నారా? నువ్వూ ఎక్కు. నీకూ తెలుసు కదా.”

అన్నయ్య ఇంకేదో అనబోయేలోపు నాన్న చేతికర్ర ఊని లేచాడు. ముందు సీటు ఇరుకు, ఆ కాలు మడిచి కూర్చోలేడు. “ఒరేయ్, కుర్చీ తొట్టిలో పెట్టు,” అన్నాడు. అన్నయ్య తాడుతో కుర్చీని కట్టబోతే వద్దన్నాడు. వాడి భుజం ఆసరాగా తొట్టెక్కి, పక్క చెక్క పట్టుకుని కూర్చున్నాడు. కొత్త అడుగు మీద చెప్పుతో ఒకసారి తట్టాడు. దాని గట్టిదనానికి అలవాటుగా తల ఊపబోయి, కూతురు చూస్తోందని ఆపేశాడు.

వీధుల్లో జనం ఆగి చూశారు. పాత బండి కొత్త మెరుపు, తొట్టిలో కుర్చీ, కుర్చీలో పెద్ద మేస్త్రీ. కొందరు నవ్వారు, కొందరు చెయ్యి ఊపారు. చిన్నమ్మి ఎవరివైపూ చూడలేదు. గతుకుల దగ్గర మాత్రం వేగం తగ్గించింది. తగ్గించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సామిల్లులో పెద్ద రంపం తిరుగుతోంది. చెవులు చిల్లులు పడేలా ఉంది మోత. దూలం బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, పళ్లికిలించి, అమ్మాయి వేసిన పలక మీదే మళ్లీ కూర్చున్నారా మేస్త్రీ, మీ గుండె ధైర్యానికి దండం పెట్టాలి అని అరిచాడు. కూలీలు నవ్వారు.

నాన్న కర్ర ఊని తొట్టిలో లేచి నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. ఏదో అన్నాడు. చిన్నమ్మికి కూడా వినబడలేదు. దూలం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఏంటీ అన్నట్టు తల ఎగరేశాడు. నాన్న కూతురి వైపు తిరిగాడు. చెప్పేశాను కదా, ఇక పద అన్నట్టు ఉంది ఆ చూపు. నుదుటి మీద చెమట పట్టి ఉంది.

ఆమె బండి దిగింది. చెక్కపొట్టు తొక్కుకుంటూ నేరుగా షెడ్డు లోపలికి నడిచి, గోడ మీద మీట కిందికి లాగింది. రంపం తిరుగుతూ తిరుగుతూ మెల్లగా ఆగింది. కూలీలంతా పని వదిలి ఇటు తిరిగారు. ఆమె మీట దగ్గరే నిలబడింది.

“ఇప్పుడు చెప్పు నాన్నా.”

నాన్న గొంతు సవరించుకున్నాడు.

“నా కాలు విరిగింది మా అమ్మాయి వేసిన చెక్క వల్ల కాదు. దాని అడుగున నేను కొట్టిన రేకు వల్ల. నీళ్లు పోయే దారి మూసింది నేను. అది నాకు పడ్డ రోజే తెలుసు. తెలిసీ ఏడాది పాటు మా అమ్మాయిని మాట పడనిచ్చాను.”

ఎవరూ నవ్వలేదు. దూలం మెడ గోక్కుంటూ, అది కాదు మేస్త్రీ, అప్పట్లో మేము విన్నది వేరు అని ఏదో మొదలుపెట్టాడు. చిన్నమ్మి మీట పైకి లేపి వాళ్ల రంపం వాళ్లకిచ్చేసి, వచ్చి బండెక్కింది. అతని సంజాయిషీ వినే తీరిక ఆమెకు లేదు. మధ్యాహ్నమైతే హార్డువేరు కొట్టు మూసేస్తారు.