జేబు మీద చెయ్యి

ఆ ఇంటికి కోడలిగా వచ్చి నిండా మూడు నెలలు కాలేదు, అప్పుడే ఆమెకు రెండు పేర్లు వచ్చిపడ్డాయి. నాటకాలకు చీకట్లో కూర్చుని వెలుగులు వేసే పిల్ల కాబట్టి మామగారు "మిణుగురు" అన్నారు. రెండోది మొగుడు పెట్టింది. నాటకం నడుస్తున్నప్పుడు, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకున్నాక మాత్రం ఆమె "లైట్స్", అతను "సార్". అక్కడ మొగుడూ లేదు, పెళ్లామూ లేదు. ఒకసారి రిహార్సల్లో ఆమె నోరుజారి "ఏమోయ్" అంటే, అదే లైన్లో ఉన్న తెరబాబాయి కిసుక్కున నవ్వాడు. తెర లాగడం ఆయన పని కాబట్టి అందరికీ ఆయన తెరబాబాయే. మొగుడి చెవులు ఎర్రబడటం హాలు చివరి లైట్ల గదిలోంచి కూడా ఆమెకు కనిపించింది. ఆ చెవుల కోసమే మళ్లీ అలా పిలవాలనిపించింది.

ఈ సాయంత్రం మాత్రం అలాంటి కోతివేషాలకు చోటు లేదు. తెర వెనక మామయ్య స్టేషన్ మాస్టరు కోటు వేసుకుని నిలబడి ఉన్నారు.

రెండేళ్ల కిందట ఇలాగే స్టేజీ మీద, మాట మధ్యలో ఆయనకు అంతా తుడిచిపెట్టుకుపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆయన దండం పెట్టి దిగిపోయి, ఆ రోజే మేకప్ పెట్టెను అటక ఎక్కించేశారు. మొన్న కొడుకు ఆయన కోసమే ఒక నాటకం రాస్తే మళ్లీ తనే నిచ్చెన వేసుకుని దించారు. దించుతూ ఒక మాటన్నారు:

"ఈసారి కూడా నోరు ఆగిందనుకో, ఈ పెట్టె ఎవరికైనా ఇచ్చేస్తాను. ఇక నన్ను అడగొద్దు."

"ఇవ్వండి, ఉల్లిపాయలు పోసుకుంటాను," అంది అత్తయ్య. అన్నది గానీ, ఆ తర్వాత చాలాసేపు వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేశాయి.

మొగుణ్ణి బృందంలో అందరూ "టైంటేబుల్" అంటారు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి వెళ్లిన మొదటి ప్రయాణంలో సముద్రాన్ని చూడటానికి కూడా వేళ రాసి పెట్టుకున్న మనిషి. నాటకం ఆఖరి రంగంలో అతను చేసిన ఏర్పాటు చూస్తే, ఆ పేరు పెట్టినవాళ్లు కూడా నోరు మూసుకోవాల్సిందే. స్టేషన్ మూసేస్తున్నారు, ఆఖరి రైలు వెళ్లిపోయింది. ముసలి స్టేషన్ మాస్టరు ఒక్కడే గంట దగ్గరికి, ప్రయాణికులు కూర్చునే బల్ల దగ్గరికి, కిటికీ దగ్గరికి వెళ్లి వీడ్కోలు చెప్పి, చివరికి లాంతరు ఊదేసి వెళ్లిపోతాడు. ప్రతిచోటికీ వెలుగు ఆయనకన్నా ముందు వెళుతుంది. గంట మీద వెలుగు పడితే గంట దగ్గరికి నడవాలి, గంట మాటలు చెప్పాలి. కిటికీ మీద పడితే కిటికీ మాటలు. చూసేవాళ్లకు అదొక అందం. నిజానికి అది తండ్రి పట్టుకోవడానికి కొడుకు చాచిన వేలు. ఏ వెలుగు ఎంత వేగంగా రావాలో, ఎంతదాకా రావాలో అన్నీ లైటింగ్ బోర్డులో ఎక్కించేశాడు. అతను నంబరు చెబుతాడు, ఆమె బటన్ నొక్కుతుంది.

అంతే చెయ్యాలని ఆమె మాటిచ్చింది. ఎందుకంటే పోయినవారం రిహార్సల్లో, గంట దగ్గర చీకటి కాస్త ముందుగా పడితే బాగుంటుందనిపించి, బటన్ వదిలేసి, వెలుగు పెంచి తగ్గించే మీటను చేత్తో లాగేసింది. చీకటి ఎంత అందంగా పడిందో! ఆ అందమైన చీకట్లో మామయ్య మోకాలు బల్లకు ఠంగున కొట్టుకుంది. "ఏం కాలేదమ్మా" అంటూ ఆయన కుంటుకుంటూ నడిచారు. ఇంటికెళ్లాక మొగుడు అడిగాడు.

"అనిపించింది అంటే ఏంటి? దానికో లెక్కుంటుందా?"

"అన్నిటికీ లెక్కుంటుందా ఏంటి?"

"నాన్న మోకాలికుంది."

ఇంకేమంటుంది? మర్నాడు అతను చీకట్లో మెరిసే టేపు తెచ్చి బల్ల మూలలకు అంటించాడు. మామూలుగా ముక్కలు కత్తిరించి అంటిస్తే సరిపోయేది. కూర్చుని ఒక్కోటీ చుక్కల ఆకారంలో కత్తిరించాడు. ఎందుకో అతను చెప్పలేదు. ఆమె అడగలేదు గానీ, ఆ రోజంతా నేల మీద నడిచినట్టు లేదు.

కొత్త ఇంట్లో ఆమెకు ప్రతిదీ వింతే. అత్తయ్య పాలు కాచేటప్పుడు గిన్నెతో మాట్లాడుతుంది. మొగుడు నిద్రలో అంకెలు లెక్కపెడతాడు. మామయ్యకు ఏదైనా పేరు గుర్తు రాకపోతే చెయ్యి నేరుగా చొక్కా జేబు మీదికి వెళుతుంది. "అదేనమ్మా, ఆ..." అంటూ రెండుసార్లు తడతారు, ఆ పేరేదో కళ్లజోడు పెట్టెతో పాటు జేబులోనే ఉన్నట్టు. ఈ సంగతి ఆమె నవ్వుతూ చెబితే అత్తయ్య, "అవునా? నేనెప్పుడూ చూడలేదే!" అంది. ఏళ్లుగా అదే ఇంట్లో ఉన్నవాళ్లకు గోడ గడియారం టిక్కుటిక్కు వినిపించదు కదా!

తెర లేచింది.

గంట దగ్గర మామయ్య గొంతు మొదట్లో కాస్త వణికి, తర్వాత నిలబడింది. వెలుగు బల్ల మీదికి మారింది. ఆయన వచ్చి కూర్చుని, బల్లను తట్టి, "నీ మీద కూర్చుని ఎంతమంది ఎదురుచూశారే! నీకోసం ఎవరైనా వచ్చారా?" అన్నారు. అక్కడితో బల్ల మాటలు అయిపోయాయి.

"పదహారు, సిద్ధం," చెవిలో మొగుడి గొంతు. పదహారంటే కిటికీ.

"సిద్ధం సార్."

"పదహారు, వెయ్యి."

వేలు బటన్ మీదే ఉంది. నొక్కబోతూ ఆమె స్టేజీ వైపు చూసింది. మామయ్య కొంచెం పక్కకు జరిగారు, ఎవరికో చోటిచ్చినట్టు. ఖాళీ అయిన ఆ కాస్త జాగాను అరచేత్తో మెల్లగా తుడుస్తున్నారు. ఇది నాటకంలో లేదు. ఏ రిహార్సల్లోనూ లేదు.

"లైట్స్. పదహారు వెయ్యి."

"ఒక్క క్షణం సార్."

"క్షణాల్లేవు. ఆయన మరిచిపోయారు."

"మరిచిపోలేదు."

"నీకెలా తెలుసు?"

అనిపిస్తోంది అనబోయి నాలుక కరుచుకుంది. మోకాలి సంగతి తర్వాత ఆ ఇంట్లో ఆ మాటకు విలువ లేదు. "చెయ్యి చూస్తున్నాను," అంది.

"ఏ చెయ్యి?"

అతను నిలబడింది స్టేజీ పక్కన, తెర చాటున. అక్కణ్ణుంచి తండ్రి వీపు, తల మీది టోపీ తప్ప ఏమీ కనిపించవు. అతనికి వినిపించేది మౌనం ఒక్కటే. రెండేళ్ల కిందట విన్న మౌనం.

ముందు వరసలో అత్తయ్య తల రాతిబొమ్మలా ఉంది. ఎవరో దగ్గారు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. ఒక నవ్వు మొలకెత్తడానికి ఇంతకన్నా మంచి నేల దొరకదు.

"తెర దించెయ్యనా సార్?" గుసగుసగా తెరబాబాయి.

"ఆగు బాబాయ్! లైట్స్, ఆలస్యం అమృతం విషం, నీకు దండం పెడతా, వెయ్యి!"

ఆమె వేలికి చెమట పట్టింది. నొక్కితే తప్పు తనది కాదు, చెప్పినవాడిది. నొక్కకపోతే? ఒకవేళ మామయ్య నిజంగానే మరిచిపోయి ఉంటే, చాచిన వేలిని తనే వెనక్కి లాగేసినట్టు. పెట్టె వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఈ మొగుడి కళ్లలోకి ఏ మొహం పెట్టుకుని చూడాలి? మోకాలి చప్పుడు మళ్లీ చెవిలో ఠంగుమంది.

అయినా ఆ చెయ్యి జేబు మీదికి వెళ్లలేదు. బల్ల మీదే ఉంది.

"మిణుగురూ," అన్నాడు చెవిలో అతను. సారూ లేదు, లైట్సూ లేదు. గొంతు పీలగా ఉంది. "మా నాన్నే..."

ఆమె వేలు నొక్కలేదు.

హాల్లో దగ్గు ఆగిపోయింది. జనమంతా బల్ల మీద ఆ ఖాళీ జాగా వైపే చూస్తున్నారు, అక్కడ నిజంగా ఎవరో వచ్చి కూర్చున్నట్టు. మామయ్య ఆ మనిషి వైపు తిరిగి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు వెనక వరస దాకా వెళ్లింది.

తర్వాత ఆయన తలెత్తారు. చెయ్యి బల్ల మీంచి లేచింది. కోటు జేబు మీదికి వెళ్లింది. తట్టింది. మళ్లీ తట్టింది.

మాట ఇప్పుడు పోయింది. ఇప్పుడు నిజంగా పోయింది.

పదహారో బటన్ నొక్కితే బల్ల దగ్గర వెలుగు టక్కున ఆరి, కిటికీ టక్కున వెలుగుతుంది. పక్కకు జరిగి, దారి మరిచి కూర్చున్న మనిషి ఆ దెబ్బకు ఉలిక్కిపడతాడు. అదిగో, మరిచిపోయాడు అని హాలంతా చెవులు కొరుక్కుంటుంది. ఆమె బటన్ మీంచి వేలు తీసేసింది. ఇచ్చిన మాట ఇచ్చిన చోటే ఉండిపోయింది. చెయ్యి మీట మీదికి వెళ్లింది.

బల్ల వెలుగును అలాగే ఉంచి, కిటికీలోంచి ఒక రేఖ వదిలింది. దూరపు మలుపులో రైలు కనిపించినట్టు. మెల్లగా. ఇంకా మెల్లగా. మామయ్య కళ్ల చివర ఆ రేఖ మెరిసింది. తల తిరిగింది. ఆమె కాస్త పెంచింది. జేబు మీది చెయ్యి జారి ఒళ్లోకి వచ్చింది. ఇంకాస్త పెంచింది. ఎక్కడ ఆపాలో బోర్డు మీద మొగుడు గీసిన పెన్సిలు గీత చెబుతూనే ఉంది, సరిగ్గా అక్కడ ఆపింది.

మామయ్య లేచారు. సగం చీకట్లో బల్ల మూల చుక్క మెరుస్తోంది. ఆయన మోకాలు దాన్ని తప్పించుకుని వెళ్లింది.

కిటికీ పట్టుకుని, "ఆ వెలుగు మనది కాదులే. ఇక ఇక్కడ ఏదీ ఆగదు," అన్నారు. కొడుకు రాసిన మాటే, అక్షరం పొల్లుపోకుండా.

లాంతరు ఆరింది. చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు.

మేకప్ గదిలో మామయ్య కోటు విప్పి బనీనుతో కూర్చున్నారు. సగం మొహం స్టేషన్ మాస్టరుది, సగం ఆయనది. అత్తయ్య తువ్వాలు అందిస్తూ, "పక్కకు జరిగారు, ఎవరి కోసమో?" అంది.

"నీ కోసమే. ఇంట్లో ఈ మాటలు వల్లించిన ప్రతిసారీ పక్కన నువ్వే కదా కూర్చున్నది! ఇవాళ ఖాళీగా ఉంటే ఏదోలా అనిపించింది." కోడలి వైపు తిరిగారు. "నీ మీదొట్టు తల్లీ, మరిచిపోలేదు. ఊరికే కూర్చున్నాను, ఎంత బాగుందో! మాట అవసరమే లేకపోయింది. తీరా లేద్దామని చూస్తే మాటే లేదు!"

గుమ్మంలో మొగుడు. చేతిలో కాగితాలు నలిగిపోయి ఉన్నాయి.

"చెప్పినప్పుడు వెయ్యలేదు. చెప్పనప్పుడు వేశావు. అదీ చేత్తో."

"అవును."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. తప్పాను." జేబు సంగతి గబగబా చెప్పేసింది. అతను నమ్మలేదు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న నాన్న. తండ్రి వైపు తిరిగి, "నాన్నా, మొన్న మనింటికి కుళాయి బాగు చెయ్యడానికొచ్చాడే, ఆయన పేరేంటి?" అన్నాడు.

"అదేరా, ఆ..." అన్నారు మామయ్య. చెయ్యి లేచి, జేబే లేని బనీనును రెండుసార్లు తట్టింది.

మొదట అత్తయ్య నవ్వింది, తర్వాత తెరబాబాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మామయ్య కూడా నవ్వేశారు. మొగుడు మాత్రం నవ్వలేదు. తండ్రి ఛాతీ మీద ఆగిపోయిన ఆ చేతిని అలా చూస్తూ నిలబడ్డాడు.

మామయ్య రంగులూ బ్రష్షులూ సర్ది పెట్టె మూశారు. మూసి, రేపటి ఆటకు చేతికందేలా గుమ్మం పక్కన పెట్టారు.

"మరి నా ఉల్లిపాయలో?" అంది అత్తయ్య.

"గంప కొనుక్కో."

మొగుడు చెవి వెనక నుంచి పెన్సిలు తీశాడు. కాగితం మోకాలి మీద పెట్టుకుని, పదహారు పక్కన రాసుకున్నది కొట్టేశాడు. తర్వాత అక్కడ ఒకే ఒక్క మాట రాశాడు: జేబు.

"పక్కనుంచి నాకది కనిపించదు," అన్నాడు తలెత్తకుండా. "రేపు ఎక్కడ నిలబడమంటావు?"

"లైట్ల గదిలో ఇంకో కుర్చీ పడుతుంది," అందామె. "ఇరుకే అనుకో. ఏమోయ్, వస్తావా?"

తెరబాబాయి అక్కడే ఉన్నాడు. మొగుడి చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.