కాళ్లున్న పురుగు

ఈరోజు ఇంట్లో ఉన్నవాళ్లు: కనకదుర్గ అత్త, అత్త కూతురు ప్రవల్లిక వదిన, పెరట్లో గడ్డి కోస్తున్న అచ్చియ్యమ్మ మామ్మ, నేను. బడి వదలగానే చోడవరంలో అత్త వాళ్ల పుట్టగొడుగుల షెడ్డుకే వెళ్తాను. నేను తడబడకుండా మాట్లాడేది అక్కడొక్కచోటే.

పది రోజులుగా పుట్టగొడుగుల సంచులు పాడవుతున్నాయి. అందరూ ఈగ పురుగే అన్నారు. అది గడ్డితో వచ్చేది, ఎవరి తప్పూ కాదని అత్త పసుపు జిగురు అట్టలు వేలాడదీసింది. పురుగు తగ్గలేదు.

ఈరోజు ఒకదాన్ని స్టీలు పళ్లెంలో వేసి, సైన్సు మాస్టారి భూతద్దంతో చూశాను. ఈగ పురుగుకు కాళ్లుండవు, తల కనబడదు. దీనికి గోధుమరంగు తల ఉంది. తల వెనక ఆరు సన్నని కాళ్లు, పొట్ట కింద మొద్దు కాళ్లు. పుట్టగొడుగుల మధ్య బూజులాంటి దారాలు, వాటికి అంటుకుని నల్లటి మలం ఉండలు.

“అత్తా, ఇది ఈగది కాదు. దీపం పురుగు పిల్ల. రెక్కల పురుగు లైటుకొచ్చి గుడ్లు పెట్టేసింది.”

అత్త వంగి చూసింది. “ఓలమ్మో, కాళ్లున్నాయే! సదివిన గుంటవనిపించేవు.”

సంతోషంతో నా ముఖం వేడెక్కింది. ఒక్క నిమిషమే.

“మరి లోనికెలగొచ్చింది? మెష్ తలుపు ఏసే ఉంటది కదా?”

నేను ఏం బయటపెట్టానో అప్పుడు తెలిసింది. మునిమాపు వేళ షెడ్డులో బల్బు వేసి, మెష్ తలుపు బార్లా తీసి, గడప మీద కూర్చుని ఫోను మాట్లాడేది వదినే. నేను చూసిన రోజు నా చెయ్యి తన తల మీద పెట్టించుకుంది. “అమ్మకి సెప్పనని ఒట్టెయ్యే, నా బంగారానివి కదా!” వేశాను.

వదిన వైపు చూశాను. తనే చెబుతుందనుకున్నాను.

“ఇంకెవరమ్మా? పురుగులు సూస్తానని ఇదే రోజూ తలుపు తీసి ఒగ్గేస్తది,” అంది, నా కళ్లలోకి చూస్తూనే.

“ఏటే రోజా, నిజవేనా?”

ఒట్టు తప్పితే వదినకేమైనా అవుతుందని భయం.

“మాటాడదేటి!” అంది అత్త.

“ఆ గుంట ఎప్పుడు మాటాడిందని?” అని మామ్మ నవ్వింది.

అత్త భూతద్దం నా చేతిలో పెట్టింది. “రేపట్నుంచి సెడ్డు కాడికి రాకు.”

నేను గడప దాటగానే వదిన వచ్చింది. ఇన్నాళ్లూ తను తెరిచి ఉంచిన మెష్ తలుపునే నా ముఖం మీద వేసి, లోపల గొళ్లెం పెట్టుకుంది.