రాములమ్మ ఒప్పుకోని వాక్యం

ఉప్పల్ నుంచి నాచారం వచ్చి మూడంతస్తులెక్కేసరికి నీరజకు మోకాళ్లు పట్టేశాయి. పిల్లల ఫీజులు కట్టే ట్రస్టులో ఆమె దాతలకు ఉత్తరాలు రాస్తుంది. ఎవరి గురించి రాసిందో వాళ్లకు చదివి వినిపించందే ఏ ఉత్తరమూ పంపదు. అందుకే ఆమె పని ఎప్పుడూ ఆలస్యమే.

ఈసారి ఉత్తరం బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసే రాములమ్మ పిల్లల గురించి. రాములమ్మ బియ్యం ఏరుతూ వింది. ఆమె కోరినట్టే ఉత్తరంలో పేరు మార్చారు. "పిల్లలు పస్తులు పడుకున్న రోజులెన్నో" అన్నచోట ఆమె చేయి ఆగింది.

"ఎన్నడు పస్తులున్నరు మేడం నా పిల్లలు? పప్పు లేనినాడు పచ్చిపులుసు జేసి పెట్టిన. మీరొచ్చి సూసిన్రా?"

చూడలేదు. ట్రస్టు నడిపే గిరిధర్ చేర్చమన్న వాక్యమది. నీరజ అక్కడినుంచే ఆయనకు ఫోన్ చేసింది.

"ఆకలి లేకపోతే ఎవరిస్తారండీ?" అన్నాడాయన.

"పోయినేడు ఇచ్చినవాళ్లలో సగంమంది ఈసారి ఇవ్వలేదు సార్. అప్పుడూ ఆకలే రాశాం."

"మీ ఇష్టం," అన్నాడు గిరిధర్.

నీరజ ఆ వాక్యం కొట్టేసి, పచ్చిపులుసు సంగతి రాసి, మళ్లీ మొదటినుంచి చదివింది. గొంతు ఎండిపోయింది. రాములమ్మ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది.

"పేరు మార్చుమన్న గదా మేడం. ఇగ మార్చకుండ్రి. రాములమ్మ అనే రాయుండ్రి."