పిల్లికి దక్కని మందు

కేల్ ఆకుకూరని కాడల నుంచి దూసి దూసి తెల్లారేసరికే నా గోళ్ళు పచ్చబడిపోయాయి. మంచుకి బిగిసిన ఆకు, ఒక పట్టాన లొంగదు. మధ్యాహ్నానికి నా మొగుడు హిన్‌రిక్ బంతాట జట్టు మొత్తం మా ఇంటికి భోజనానికి దిగుతుంది. ఏటా ఫిబ్రవరిలో ఈ మగాళ్ళంతా పొలాల మధ్య రోడ్డు మీద బంతులు విసురుకుంటూ, దారి పొడుగునా సారా తాగుతూ నడిచి, చివర్లో ఎవరింట్లోనో కూచుని కేల్ కూరా, పొగబెట్టిన పంది మాంసమూ మెక్కుతారు. అందరికంటే ఎక్కువ తిన్నవాడు కేల్ రాజు. వాడి మెడలో పంది దవడ ఎముక వేలాడదీస్తారు. ఈసారి వంతు మాది. అంటే నాది. వండేది నేను, కడిగేది నేను, వాళ్ళ మోటు జోకులకి నవ్వాల్సిందీ నేనే.

హిన్‌రిక్ మాత్రం ఎప్పటికీ కేల్ రాజు కాలేడు. అతని గుండెలో ఇనప కవాటం ఉంది. దానిమీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. కేల్ ఎక్కువ తింటే ఆ మాత్ర పని చెయ్యదు, గడ్డ కట్టిందంటే ప్రాణం మీదకొస్తుందని డాక్టరు మా ఇద్దర్నీ పక్కపక్కన కూచోబెట్టి చెప్పాడు. విన్నది ఇద్దరం, గుర్తుపెట్టుకోవాల్సింది నేనొక్కదాన్నే. మాత్రల డబ్బా నింపేది నేను. రెండు గరిటెలు కాగానే "చాలు" అనేదీ నేనే. ఆ మాట అన్నందుకు జట్టు ముందు గయ్యాళిననిపించుకునేదీ నేనే.

ఆకులు పెద్ద గిన్నెలోకి ఎత్తుతుంటే పొయ్యి పక్కన ఫీనా కనిపించింది. మా గాదెలో ఎలుకలు పట్టే బూడిదరంగు పిల్లి. దాన్ని ఇంట్లోకి రానివ్వరు, తిండి అసలే పెట్టరు. "కడుపు నిండిన పిల్లి వేటాడదు" అన్నది మా అత్తగారు ఆల్మూట్ పెట్టిన చట్టం. నేను దొంగచాటుగా పాలు పోస్తానని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఈరోజు పాలకోసం రాలేదది. నిలబడలేకపోతోంది. ముక్కులోంచి చుక్కచుక్కగా రక్తం గచ్చు మీద పడుతోంది.

"ముందది తుడువు గేస్కా, ఎండితే మరక పోదు," అంది అత్తగారు, టీ కప్పు మీంచి కళ్ళెత్తకుండా.

అది ఎండేలా లేదు. ఎంత తుడిచినా నీళ్ళలా వస్తూనే ఉంది.

పశువుల డాక్టరమ్మకి ఫోన్ చేశాను. చిగుళ్ళు చూడమంది. చూశాను. తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"ఎలుకల మందు పెట్టారా?"

"మా ఆయన గాదెలో పెట్టాడు. పిల్లి ముట్టుకోకుండా డబ్బాల్లోనే పెట్టాడండీ."

"డబ్బాలో మందు పిల్లి తినదమ్మా. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, తూలుతూ తిరుగుతుంది. పిల్లికి పరిగెత్తే పని కూడా ఉండదు. ఒక్కో ఎలుకతో ఇంతింత విషం దాని కాలేయంలో చేరుతుంది. తర్వాత రక్తం గడ్డకట్టదు. దానికి తిండి సరిగ్గా పెడుతున్నారా?"

"అప్పుడప్పుడూ కాసిని పాలు పోస్తానండీ..." ఆవిడకి అర్థమైంది.

"ఇప్పుడే తీసుకురండి. విటమిన్ కె సూది వేసి, కొన్ని వారాలు మాత్రలు ఇస్తే బతుకుతుంది."

"విటమిన్ కె అంటే..."

"అదేనమ్మా, కేల్‌లో ఉంటుందే, అదే. అలా అని కూర పెట్టకండి, సరిపోదు. సూదే పడాలి. ఆలస్యం చెయ్యకండి."

నా చేతులు మణికట్టు దాకా పచ్చగా ఉన్నాయి. కడుక్కోకుండానే బయటికి పరిగెత్తాను.

హిన్‌రిక్ పెరట్లో కారులోకి బీరు పెట్టెలు ఎక్కిస్తున్నాడు. కారు కావాలన్నాను.

"ఇది ఆట వెనకాల రావాలి. పిల్లి కోసం జట్టంతా దాహంతో చావాలా?"

"చచ్చిపోతుంది హిన్‌రిక్."

"పోతే పక్కింటి తామ్మో గాదెలో పిల్లికూనలున్నాయి, ఇంకోటి తెచ్చుకుందాం. ఎలుకలు పట్టే పిల్లికి వైద్యమేంటే? అంతగా అయితే భోజనాలయ్యాక చూద్దాం."

అయ్యాక చూద్దాం. ఆ మాట నాకు కొత్త కాదు. నాలుగో నెలలో నాకు రక్తస్రావం మొదలైన పొద్దున, నేను కొట్టం గోడ పట్టుకుని నిలబడితే, ఇదే గొంతుతో "పాలు పిండటం అయ్యాక వెళ్దాం" అన్నాడు. పిండటం అయ్యింది. బిడ్డా పోయింది. దారిలో కారు సీటుకి మరకైందని అత్తగారు వారం సణిగింది. ఉద్యోగం మాన్పించి పశువుల దగ్గర పెట్టినప్పుడు జీతం అడిగితే "ఇంటి మనిషికి జీతమేంటే?" అని తల్లీకొడుకులిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అప్పుడు నేనూ నవ్వాను, ఛీ.

కారు వెళ్ళిపోయింది. ఇరుగూ పొరుగూ అందరూ ఆటలోనే ఉన్నారు. ఎవరికి ఫోన్ చేసినా ఎత్తలేదు. ఫీనాని ఉతుకు బట్టల బుట్టలో పడుకోబెట్టి, కూర కలిపినప్పుడల్లా వెళ్ళి చూసుకున్నాను. అది ఒక్కసారి కూడా అరవలేదు. నేనూ అంతే, ఆ పొద్దున.

వాళ్ళు కారుతో సహా పాడుకుంటూ వచ్చేసరికి దాని ఊపిరి ఆగిపోయింది. ఒళ్ళింకా వెచ్చగా ఉంది. హిన్‌రిక్ నా వెనకాలే వచ్చి తొంగిచూశాడు.

"పోయిందా? పేడగుట్ట మీద పడేద్దువుగాని, తర్వాత. ముందు కూర పట్రా, కంచాలు ఖాళీగా ఉన్నాయి."

కూర పట్టుకెళ్ళాను. తామ్మో బల్ల చరిచాడు. "ఏం గేస్కా, ఈ ఏడన్నా మావాడి మూతికి చిక్కం తీస్తావా?"

"ఎక్కడ తీస్తుంది? పిల్లికి పాలు, మొగుడికి రెండు గరిటెలు!" అన్నాడు హిన్‌రిక్. బల్లంతా ఘొల్లుమంది.

నేనూ నవ్వి, రెండు గరిటెలు వేశాను. మూడోది వేశాను. అతను తలెత్తి నా మొహంలోకి చూశాడు. నా నోట్లోంచి రావాల్సిన మాట కోసం అలవాటుగా ఆగాడు. నేను నాలుగోది వేశాను. ఫీనాకి అందని మందు గిన్నె నిండా ఉంది, కుమ్మరించాను. కంచం ఖాళీ అయినప్పుడల్లా నింపాను. జట్టు చప్పట్లు కొట్టింది.

"వాడికి చాలేమోనే గేస్కా," అంది అత్తగారు సన్నగా.

"మీ అబ్బాయేం పసివాడా అత్తయ్యా? ఏం తినకూడదో డాక్టరు తన ముందేగా చెప్పాడు."

పంది దవడ అతని మెడలో వేశారు. కుర్చీ మీదకెక్కి చేతులూపాడు. అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు.

చీకటి పడ్డాక చేతులు కడుక్కున్నాను. గోళ్ళ పచ్చదనం పోలేదు. కోటు వేసుకుని, కొక్కేనికున్న కారు తాళాలు తీసుకుని, బుట్ట చంకనెత్తుకున్నాను. గుమ్మం దగ్గరుండగా లోపల్నించి కేకేశాడు.

"ఎక్కడికే? మాత్రల డబ్బా ఖాళీగా ఉంది. నా రాత్రి మాత్ర ఏది?"

"పాలు పిండటం అయ్యాక చూద్దాం హిన్‌రిక్," అని తలుపు దగ్గరికి వేశాను.