రేకుల కింద గడియారం

మా ఇంట్లో మొదట డిగ్రీ చదివింది నేనే. జగిత్యాలలో బీఎస్సీ, అందులోనూ ఫిజిక్స్. ఆ ధీమాతోనే సిరిసిల్లలో నేను పనిచేసే దశరథం సేటు మరమగ్గాల షెడ్డులో వేలిముద్ర హాజరు పెట్టించాను. కోరుట్ల నుంచి పాత కంప్యూటరు తెచ్చి, అందరికీ కనిపించాలని రేకుల కిందే ఎత్తుగా బిగించాను. అక్కడ నెట్ లేదు. ఫిబ్రవరిలో ఒకసారి టైము పెట్టి వదిలేశాను.

మే నెలకల్లా అందరూ పొద్దున మూడు నిమిషాలు ముందే వస్తున్నట్టు చూపించింది. నా వల్లే క్రమశిక్షణ పెరిగిందని ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది. మిగతావాళ్ళు చేతులు కడుక్కొని, నాలుగు మాటలు చెప్పుకొని వేలు పెడతారు. మగ్గాలకు నూలు కండెలు చుట్టే కనకవ్వత్త మాత్రం రెండు కాగానే లేచి వేలు పెడుతుంది. కంప్యూటరు 1:57 అంటుంది. వారంలో మూడుసార్లు ముందే వెళ్తే పని పోయినట్టేనని సేటు పెట్టిన నియమం.

"రెండైంది, నా ఫోన్ల సూడు అల్లుడా."

"ఫోన్లు అట్లనే సూపిస్తయ్ అత్తా. ఇది కంప్యూటర్."

"అయితే పదేండ్ల సంది చేస్తున్న పని గీ డబ్బ మాటకు పోయినట్టేనా?"

పని లేదన్న కాగితం నేనే టైపు చేసి ఇచ్చాను.

సోమవారం నాకే ఆలస్యమైంది. నా ఫోన్ ప్రకారం ఆరు దాటి రెండు నిమిషాలకు పరుగెత్తుకొచ్చి వేలు పెట్టాను. 5:59 అని పడింది. సంతోషించబోయి ఆగిపోయాను.

కంప్యూటరు గడియారాన్ని నడిపేది చిన్న క్వార్ట్జ్ ముక్క. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర అది సరిగ్గా కొట్టుకుంటుంది. వేడెక్కినా, చల్లబడినా నెమ్మదిస్తుంది. రేకుల కింద యాభై దాటిన వేడిలో రోజుకు రెండేసి సెకన్లు పోగొట్టుకుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను.

ఎన్ని డిగ్రీలకు ఎన్ని సెకన్లు కలపాలో పట్టిక వేసి సేటుకు చూపించాను.

"గింత లెక్కెందుకురా? దాన్ని కిందికి దించు. రోజు పొద్దుగాల ఫోన్ సూసి టైం పెట్టు. ముందుగాల పోయి కనకవ్వను తోల్కరా."

ఆమె ఇంటికి వెళ్ళాను. "తప్పు నాది గాదత్తా, ఎండది. ఎండకు గడియారం ఎన్కబడ్డది."

"ఎండ నాకు గూడ కొట్టింది గదరా. నేనొక్కనాడన్న ఎన్కబడ్డనా?"

"తప్పు నాదే అత్తా," అన్నాను.

"గా మాట ఈడ గాదు. షెడ్ల చెప్పు, అందరి ముంగట."

షెడ్డులో చెప్పాను. మగ్గాల మోతలో నా పెదాలు కదలడమే కనిపించినట్టుంది.

"ఇనస్తలేదు అల్లుడా!" అని కనకవ్వత్త అరిచింది.

సేటు మగ్గాలన్నీ ఆపించాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి అందరికీ వినిపించింది. ఆమె వెళ్ళి కండెల దగ్గర కూర్చుంది.