న్యూట్రల్లో వదిలిన వీధి

మా వీధిలో కారు ఆపి హ్యాండ్‌బ్రేకు వేసేవాణ్ణి మనిషి కింద లెక్కపెట్టరు. గేరు న్యూట్రల్లో పెట్టాలి, దిగి తాళం వేసుకోవాలి. అంతే. మాది సందులాంటి వీధి, ఒక చివర గోడ. లోపలి బండి బయటికి రావాలంటే ముందున్నది జరగాల్సిందే. ఎవరింటి తలుపూ కొట్టక్కర్లేదు. ఆ ముందు బండిని చేత్తో నాలుగడుగులు తోసి పక్కన పెట్టి, మన దారిన మనం పోవచ్చు.

ఈ పద్ధతి పెట్టింది కారు మామయ్య. వీధి మొత్తానికి ఒకే ఒక్క కారు ఉన్న రోజుల్లో అది ఆయనదే, అందుకే ఆ పేరు. పురిటికైనా, రైలుకైనా, పిల్లాడు చెయ్యి విరగ్గొట్టుకున్నా అందరికీ ఆ కారే గతి. గేటు దగ్గర నిలబడి "మామయ్యా" అంటే చాలు, తింటున్న కంచం ముందు నుంచి లేచొచ్చేవాడు. అత్తయ్య తలుపు దగ్గర నిలబడి, "ఈయన నాకు మొగుడు కాదర్రా, మీ వీధికి డ్రైవరు!" అని దెప్పేది. దెప్పుతూనే మంచినీళ్ల సీసా తెచ్చి కారులో పెట్టేది.

తర్వాత ఒక్కొక్కరే కొన్నారు. ఇప్పుడు కారు లేని ఇల్లంటే నాదే. నాకెందుకు కారు? వీధి మొదట్లో నా ఇస్త్రీ బల్ల, బల్ల వెనక నా గది. ఎక్కడికి పోతాను?

పొద్దున్నే పేపరు పట్టుకుని మామయ్య నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. "చూశావా అమ్మాయ్, ఒక దేశంలో దాదాపు మనిషికో కారట. ఇంకో దేశంలో ఊరంతా గాలించినా ఒకటి దొరకదట. మన వీధి ఆ దేశంలో పుట్టి ఈ దేశంలోకి వచ్చిపడింది."

"వీధి మాత్రం బెత్తెడు కూడా వెడల్పవలేదు మామయ్యా," అనేదాన్ని. నాకు ముక్కు మీదే కోపం. నా బల్ల కాలికి తగలని బంపరు ఈ వీధిలో లేదు మరి.

"అందుకే కదే న్యూట్రలు!" అని నవ్వేవాడు.

ఆ పాత కారు ఇక లాభం లేదని మెకానిక్కు చేతులెత్తేశాక మామయ్య కొత్తది కొన్నాడు. గేర్లు మార్చే పనే లేదట. ఆపగానే తనంతట తనే బ్రేకు వేసుకుంటుందట, అంత తెలివి దానికి! అమ్మినవాడు చెప్పే ఉంటాడు. కానీ ముప్ఫై ఏళ్లుగా కార్లు తోలుతున్న మనిషికి కారు గురించి ఇంకొకడు చెబితే చెవికెక్కుతుందా?

అది వచ్చిన వారంలోనే ఒక ఉదయం మామయ్య దాన్ని నా బల్ల పక్కన, వీధి మూతికి అడ్డంగా ఆపాడు. ఎప్పటిలాగే తాళం జేబులో వేసుకుని బజారు అవతలికి క్షవరానికి వెళ్లాడు. ఫోను ఇంట్లోనే మరిచిపోయాడు.

కాసేపటికి డ్రిల్లు మాస్టారి కేక వినిపించింది. ఆయన బడిలో పిల్లలకు డ్రిల్లు నేర్పుతాడు, మామయ్య వాళ్ల పక్కిల్లే. మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడే గొంతు. ఆ రోజు ఆ గొంతు వణికింది. "అత్తయ్య పడిపోయింది! గుండె నొప్పంటోంది!"

మాస్టారు అత్తయ్యను తన కారులో కూర్చోబెట్టి వీధి మూతి దాకా తెచ్చాడు. ముందు మామయ్య కొత్త కారు. మాస్టారు దిగాడు, నేను ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వెళ్లాను, ఇంకో నలుగురు పరుగెత్తుకొచ్చారు. తోశాం. కదల్లేదు.

ఇంకో వీధివాళ్లయితే అప్పుడే వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తేవాళ్లు. మేం తోస్తూనే ఉన్నాం. మా వీధిలో కదలని కారంటూ లేదు కదా! చక్రం కింద రాయేదో అడ్డం పడిందనుకున్నాం, వంగి చూశాం. భుజాలు పెట్టి తోశాం. మాస్టారు "ఒకటి, రెండు" అని లెక్కపెట్టి మరీ తోయించాడు. అందులో ఎంతసేపు పోయిందో ఆ దేవుడికే తెలియాలి. చివరికి నా కుర్చీలో అత్తయ్యను కూర్చోబెట్టి, నలుగురం మోసుకుని రోడ్డెక్కి, దొరికిన ట్యాక్సీ ఎక్కించాం.

ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు. ఆ మాట వినని చెవులు ఉంటే బాగుండేది.

మామయ్య ఆస్పత్రికి వచ్చేసరికి అంతా అయిపోయింది. సగం గడ్డంతోనే వచ్చాడు, మెడ మీద ఇంకా సబ్బు నురగ ఉంది. ఏడవలేదు. అందరినీ ఒకసారి చూసి, "మాస్టారి కారుంది కదరా. కుర్చీలో మొయ్యడమేంటి?" అన్నాడు.

మాస్టారు ఒకడుగు ముందుకు వచ్చాడు.

"తప్పు నాదే మామయ్యా. హ్యాండ్‌బ్రేకు వేసి, తాళం ఎక్కడో పడేశాను. నా కారే అందరికీ అడ్డమైపోయింది."

మామయ్య అతని వైపు చూశాడు. "నీకు స్టీరింగు పట్టడం నేర్పింది నేనే కదరా," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత అతనితో మాట్లాడలేదు.

ఆ గందరగోళంలోనే మాస్టారు మామయ్య జేబులోంచి తాళం తీసి, ఆ కొత్త కారును మామయ్య గేటు లోపల పెట్టేశాడు. మామయ్య దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. నెలలు గడిచాయి. మాస్టారు ఎదురుపడితే మామయ్య ముఖం తిప్పుకునేవాడు. వీధిని దద్దరిల్లించే మాస్టారు తల దించుకుని గోడవారగా వెళ్లేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీదో నాకే తెలియదు. బట్టల మీద చూపించేదాన్ని.

మొన్న ఆ కారు కొంటామని ఎవరో వస్తామన్నారట. మామయ్యే దాన్ని బయటికి తీసి, తుడుద్దామని నా బల్ల పక్కన ఆపాడు. ఆపి, తాళం జేబులో వేసుకున్నాడు. ఇంతలో లోపలి నుంచి పాల వ్యాను వచ్చి హారను కొట్టింది. "ఉండవయ్యా, జరుపుతా," అంటూ మామయ్య కారు వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించి తోశాడు.

నేను ఇస్త్రీ పెట్టె బల్ల మీదే వదిలేసి చూస్తూ ఉండిపోయాను. కారు కదల్లేదు. ఆయన మళ్లీ తోశాడు. ఈసారి భుజం ఆనించాడు. తర్వాత నెమ్మదిగా నిటారుగా నిలబడి నావైపు తిరిగాడు.

"అమ్మాయ్. ఆ రోజు మీరు తోసింది ఏ కారే?"

నా నోటికి ఈ వీధిలో భయపడనివాడు లేడు. ఆ నోట్లోంచి ఒక్క అబద్ధం రాలేదు. బల్ల మీద ఎవరిదో చొక్కా మాడిపోతున్న వాసన మాత్రం వచ్చింది.

మామయ్య తిన్నగా మాస్టారి ఇంటికి నడిచాడు. నేనూ వెనకే పరుగెత్తాను. మాస్టారు వాకిట్లో బూట్లు తుడుచుకుంటున్నాడు. మామయ్యను చూసి గబుక్కున లేచాడు.

"ఎందుకురా నీ నెత్తిన వేసుకున్నావ్?" అన్నాడు మామయ్య. "నన్ను తిట్టాల్సింది. వీధి వీధంతా నిలబెట్టి నన్ను తిట్టాల్సిందిరా!"

మాస్టారు తల అడ్డంగా ఊపాడు. ఇక నావల్ల కాలేదు.

"ఆవిడే చెప్పొద్దంది మామయ్యా," అన్నాను. "కుర్చీలో మోసుకెళ్తుంటే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, 'అడ్డం పడింది ఆయన కారేనని ఆయనకి చెప్పకండర్రా, తట్టుకోలేడు' అంది. ఇంకేం అనలేదు."

మామయ్య మెట్టు మీద కూలబడ్డాడు. "అంత నొప్పిలో కూడానా?" అన్నాడు. "అంత నొప్పిలో కూడా నా గురించేనా?"

వ్యానువాడు ఆపకుండా హారను కొడుతున్నాడు. మాస్టారు వంగి, చిన్న గొంతుతో అన్నాడు. "మామయ్యా, తాళమివ్వండి. నేను తీసొస్తా."

మామయ్య జేబులోంచి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. పెట్టి, ఆ చెయ్యి వదల్లేదు. ఆస్పత్రిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. వీధిలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. పాల వ్యాను హారను కొట్టడం మానేసింది.