మూడో వాసన

సర్వ గిన్నె అడుగున నాలుగు వేళ్ల మందం ఇసుక పోసి, హెప్సిబా దాన్ని అరచేత్తో చదును చేసింది. అది పెన్‌గంగ ఇసుక. ఇరవై ఏళ్ల కింద భర్త వెస్లీ సైకిలు మీద సంచిలో తెచ్చాడు. పొయ్యి మీద కాగి కాగి ఇప్పుడది మిరియాల రంగుకు తిరిగింది. వేళ్లకు తగిలిన రాయి ఒకటి ఏరి పారేసి, సర్వను బొగ్గుల కుంపటి మీదికి ఎక్కించింది.

వాకిట్లో ఎండ పడే చోట నులక మంచం మీద అత్త బుచ్చవ్వ పడుకుని ఉంది. జనవరిలో ఆదిలాబాద్ చలికి రెండు శాలువాలు, వాటిపైన కొడుకు వదిలిపోయిన మంకీ టోపీ. టోపీలోంచి ముడతలు పడ్డ చిన్న ముఖం ఒక్కటే బయటికి కనిపిస్తోంది. ఎనభై ఆరేళ్లు. చూపు పోయి నాలుగేళ్లయింది.

"గుడ్లెన్ని?" అంది మంచం మీంచి.

"ఆరు, అత్తమ్మా."

"చక్కెర దంచినవా?"

"దంచిన. నువ్వు జర పండుకోరాదు."

"పండుకునుడేనాయె ఇగ."

హెప్సిబా పీట మీద కూర్చుని పెద్ద గిన్నెను మోకాళ్ల మధ్య పెట్టుకుంది. నెయ్యి, చక్కెర పొడి వేసి చెక్క గరిటెతో గిలకొట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. ఆమె చేతులు మోటువి. పెద్దాసుపత్రి ఆడవార్డులో ముప్ఫై ఏళ్లుగా ఆయా పని. ఫినాయిలుకి, బ్లీచింగు పొడికి వేళ్ల సందులు పగిలి, గోళ్ల అంచులు తెల్లబడ్డాయి. ఆ చేతులే గుడ్డును గిన్నె అంచుకు తాకించి, పెంకు ముక్క పడకుండా రెండుగా విప్పుతాయి.

ఈ వారం సెలవు శనివారం వచ్చింది. వార్డు నర్సు మమతారాణికి నిర్మల్ బదిలీ అయింది. సాయంత్రం బస్సుకే ప్రయాణం. నిన్న డ్యూటీ దిగుతూ ఆమె హెప్సిబా భుజం మీద చెయ్యి వేసింది. "అక్కా, వార్డుల అందరు కలిసి బేకరీ కేకు తెస్తరట. గా క్రీము నాకొద్దు. మీ ఇంట్ల చేస్తరు చూడు, సాదాది, అది కావాలె. పోయేటప్పుడు వచ్చి తీసుకపోత." తొమ్మిదేళ్లు కలిసి పనిచేసిన మనిషి. హెప్సిబా తల ఊపింది.

పిండి జల్లించి కలిపింది. ఏలకుల పొడి చల్లింది. నెయ్యి రాసిన గిన్నెలో ముప్పాతిక వరకు పోసి, మిగిలింది ఒక చిన్న కటోరలో పోసింది. అది అత్తకు. రెండింటినీ ఇసుక మీద కూర్చోబెట్టి, మూత పెట్టి, మూత మీద నాలుగు నిప్పులు వేసింది.

ఈ పద్ధతి బుచ్చవ్వది. పెళ్లికాక ముందు నుంచే ఆమె మిషన్ బంగ్లాలో వంటపనికి పోయేది. దొరసాని దగ్గర కేకు నేర్చుకుంది. ఆ వంటింట్లో గడియారం లేదు. కేకు అయిందో లేదో మూత తీసి చూస్తే నడుమ కుంగిపోతుంది. అందుకని బుచ్చవ్వ ముక్కుతోనే లెక్క కట్టేది. మొదట గుడ్డు వాసన వస్తుంది. తరువాత చక్కెర వాసన. మూడోది నెయ్యిది. మూడో వాసన వచ్చిందంటే దించెయ్యాలి.

హెప్సిబా పంతొమ్మిదేళ్లకు కోడలిగా వచ్చింది. వచ్చిన నెలలో ఒకరోజు అత్త "దించు" అని వాకిట్లోంచి కేకేస్తే, పక్కింటి రేడియోలో పాట వింటూ పట్టించుకోలేదు. కేకు బొగ్గయింది. బుచ్చవ్వ నల్లటి పొరంతా చాకుతో గీకి, వెస్లీ మిల్లు నుంచి వచ్చేలోపు తనే తినేసింది. ఆ తరువాత హెప్సిబా ఏనాడూ ఆ మాట వినకుండా ఉండలేదు.

వెస్లీ జిన్నింగ్ మిల్లులో పనిచేశాడు. పత్తి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి, పదకొండేళ్ల కింద దగ్గి దగ్గి చనిపోయాడు. పిల్లలు లేరు. నెల ప్రార్థన కాగానే నిర్మల్ నుంచి హెప్సిబా తమ్ముడు తోమాసు వచ్చాడు.

"ఇగ నడువక్కా. ఇక్కడ నీకెవలున్నరు?"

హెప్సిబా కుంపటి దగ్గర ఉంది. "పొయ్యి మీద కేకున్నది తమ్మీ. గిది దిగినంక మాట్లాడుదాం."

కేకు దిగింది. తోమాసు మూడు ముక్కలు తిన్నాడు. బుచ్చవ్వ ఇంకో నాలుగు కాగితంలో చుట్టి అతని సంచిలో పెట్టింది. బస్సు వేళయింది. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కుంపటిలో బొగ్గు చిటపటమంది. ఇంకా గుడ్డు వాసనే వస్తోంది. మంచం మీంచి బుచ్చవ్వ తల కొంచెం ఎత్తింది.

"దించు కోడలా. వాసనొచ్చింది."

పావుగంట కూడా కాలేదు. హెప్సిబాకు ఇది అలవాటే. వానాకాలం నుంచి అత్త ఇలాగే తొందరపడి చెబుతోంది. మొదటిసారి ఆ మాట నమ్మి దించితే లోపలంతా పచ్చిగా ఉంది. ఆ సంగతి అత్తకు చెప్పలేదు. అప్పటి నుంచి పటకారుతో మూతను టంగుమనిపించి, ఖాళీ పళ్లెం ఒకటి నేల మీద చప్పుడయ్యేలా పెడుతోంది. ఇప్పుడూ అంతే చేసింది.

"దించిన అత్తమ్మా."

ఎప్పుడూ "దేవునికి స్తోత్రం" అనే మనిషి ఈసారి కిసుక్కున నవ్వింది. టోపీ కుచ్చు ఊగింది.

"గా పళ్లెం సప్పుడు నాకెరుకలేదనుకున్నవా? కేకు గిన్నె గట్ల మోగుతదా?"

హెప్సిబా చేతిలో పటకారు అలాగే నిలిచిపోయింది.

"వానకాలం సంది నాకు ముక్కుల ఏ వాసనా లేదు బిడ్డా. పక్కింటి బర్రె వాకిట్ల నిలవడ్డా తెలుస్తలేదు."

"మరెందుకు చెప్తున్నవే?"

"చెప్పకుంటె నువ్వొక్కదానివే చేసుకుంటున్నట్టుండదా?" బుచ్చవ్వ శాలువా లోంచి చెయ్యి తీసి గాలిలో ఆడించింది. "నేను ఫికరు పడతనని నువ్వు పళ్లెం మోగిస్తున్నవ్. నువ్వు ఫికరు పడతవని నేను నోరు మోగిస్తున్న. మంచిగున్నది మన కాపురం."

హెప్సిబా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

"ఇప్పుడు మరి ఎప్పుడు దించాలె?"

"నన్నడుగుతవేంది? వానకాలం సంది ఒక్కటన్న మాడిందా?"

హెప్సిబా కుంపటి పక్కన గొంతుక్కూర్చుంది. రోడ్డు మీద పత్తి లారీ ఒకటి పోయింది, దాని వెనకే దూది పోగులు గాలిలో తేలుతూ వాకిట్లోకి వచ్చాయి. చక్కెర వాసన లేచింది, సన్నగా, కాస్త ఘాటుగా. చాలాసేపటికి దాని కిందనుంచి నెయ్యి వాసన మెల్లగా పైకి వచ్చింది. అప్పుడు లేచి, మూత తీసి, గుడ్డతో పట్టుకుని రెండు గిన్నెలూ దించింది. పెద్ద కేకు నిండుగా పొంగి, నడుమన చిన్న పగులు తీసింది.

కటోరలోది కోసి, సాసరులో పెట్టి, టీ కప్పుతో పాటు అత్త చేతికిచ్చింది. బుచ్చవ్వ ముక్కను టీలో ముంచి, చిగుళ్లతో మెల్లగా నమిలింది.

"రుచి తెలుస్తున్నదా?"

"మెత్తగున్నది. గది తెలుస్తది." ఇంకాస్త తిని, "ఎండ మంచిగున్నది. నేను జరసేపు పండుకుంట," అంది.

హెప్సిబా లోపలికి పోయి గిన్నెలు తోమింది. ఇసుక చల్లారాక డబ్బాలో పోసింది. కేకును తెల్ల కాగితంలో చుట్టి దారం కట్టింది. నాలుగు గంటలకు మమతారాణి స్కూటీ గుమ్మం ముందు ఆగింది.

"అవ్వా, నేను పోయొస్త," అంటూ ఆమె మంచం మీదికి వంగి బుచ్చవ్వ చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, మణికట్టు దగ్గరికి వేళ్లు జరిపింది. అక్కడే ఉంచింది. చాలాసేపు ఉంచింది.

హెప్సిబా తలుపు దగ్గర కాగితం పొట్లంతో నిలబడింది. నర్సు అంతసేపు మణికట్టు వదలకపోతే దాని అర్థం ఏమిటో ఆమెకు వేరే చెప్పనక్కరలేదు. పొట్లం కిటికీలో పెట్టింది. కొంగుకు చేతులు తుడుచుకుంది. మంచం పక్కన కూర్చుని అత్త కనురెప్పలు సవరించింది, గడ్డం కింద గుడ్డ కట్టింది, కాళ్లు దగ్గరికి చేర్చింది. ముప్ఫై ఏళ్లలో ఎందరికో చేసిన పని. గుడ్డ కట్టడానికి తీసిన మంకీ టోపీని మడిచి పక్కన పెట్టబోయింది. ఎండ మంచం దాటిపోయింది. చలి మొదలైంది. టోపీని మళ్లీ అత్త తలకు తొడిగి, చెవులు కప్పేలా లాగింది. అప్పుడు ఏడ్చింది.

మమతారాణి బస్సెక్కలేదు. వాడంతా వచ్చింది. పాస్టరు ప్రార్థన చేశాడు. రాత్రికి టీ కాచి, పొట్లం విప్పి, మమతారాణే కేకు కోసి అందరికీ పంచింది.

"మంచిగ దిగింది," అందొక ముసలామె, ముక్క చేతిలో పట్టుకుని. "అవ్వనే చెప్పిందా దించుమని?"

"ఆ," అంది హెప్సిబా. "చెప్పింది."

మరునాడు ఆరాధన అయ్యాక సమాధి చేసి వచ్చారు. తోమాసు నిర్మల్ నుంచి వచ్చాడు, ఈసారి రమ్మని అడగలేదు. మధ్యాహ్నం బస్సుకు అతన్ని పంపి, హెప్సిబా వాకిట్లోకి వచ్చి మంచం ఎత్తి గోడకు నిలబెట్టింది. మంచం కింద, తలవైపు, సాసరు కనిపించింది. దాని మీద టీ కప్పు బోర్లించి ఉంది. చూపు లేని మనిషి చేత్తో తడుముకుంటూ పెట్టినట్టు, కప్పు కాస్త ఒక పక్కకు ఒరిగింది.

హెప్సిబా కప్పు ఎత్తింది. బుచ్చవ్వ మెత్తటి నడుమంతా తినేసి, కోడలికి ఇష్టమని, కరకరలాడే అంచును విరిచి దాచిపెట్టింది. వేలెడంత పొడవు, గోధుమరంగు, ఒక చివర చక్కెర మెరుస్తూ.